గుండ్లకమ్మ మొగయు మన దొరువులును

2022వ సంవత్సరము ఆగష్టు నెలాఖరున మల్లవరము వద్దనున్న గుండ్లకమ్మ జలాశయపు తలుపొకటి కొట్టుకొనిపోయి, నిలువ యుండిన నీరు చాలవఱకు ఏటివెంట తూర్పునకు పోయినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెనువెంటనే మఱియొక తలుపు పోయినది. ఆ రెండుమారులును జిల్లాయందంతట వినవచ్చిన మాట యొక్కటియే: "నీరంతయు సముద్రము పాలైనది." తలుపులకు సకాలమున మరమ్మతు జరుగకపోవుటను గూర్చి రైతులు పలికిన కఠినోక్తులలో దేనిని మేము కాదనము. ఆరుతడి పైరులకును, ఒంగోలు పట్టణపు త్రాగుటకును దాచిన నీరు దాపున నిలువక పోవుట గొప్ప నష్టమే. కాని ఆ మాటయందే వేఱొక భావమును ఇమిడియున్నది. సముద్రమును చేరు నీరెల్ల వ్యర్థమనియు, ఎగువను ఎంత పట్టి నిలిపిన అంతయు లాభమేయనియు మన రైతులలో చాలమంది దృఢముగా నమ్మియున్నారు. ఈ నమ్మకము సరికాదు. కొత్తపట్నపు ఇసుక నేలలయందు దొరువు క్రింద పైరు పెట్టు ప్రతి సభ్యుడును దీనివలన నష్టపడవలసియున్నది. ఏటి మొగను, దాని ప్రక్కనుండు మడను కాపాడుటకు పాటుపడువారు తమకొఱకే గాక మనకొఱకును పాటుపడుచున్నారని మా అభిప్రాయము. దానిని సభ్యుల యెదుట ఉంచుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గుండ్లకమ్మ నల్లమల కొండలలో గుండ్లబ్రహ్మేశ్వరము దగ్గఱ పుట్టినది. ఈ యేటికి అడ్డుకట్ట క్రొత్త కాదు. విజయనగర రాజుల కాలమున గజపతుల ఆడుబడుచు వరదరాజమ్మ కంభము చెఱువును కట్టించెనని ప్రతీతి. దేశదేశముల నీటిపారుదల ఇంజనీర్ల సంఘము 2020లో ఆ చెఱువును ప్రపంచ వారసత్వ నిర్మాణముల పట్టికలో చేర్చినది. మల్లవరపు జలాశయము 2008లో ప్రారంభమైనది. దాని నిలువ 3.859 టి.యం.సి., దాని క్రింద సాగునకు ఉద్దేశించిన భూమి 80,000 ఎకరములు. వీనిలో దేనిని మేము నిందింపము. వాన మొగము చూచుచు కూర్చుండు మెట్టరైతు బ్రదుకెట్టిదో ఎఱుగనివారము కాము. కాని ఏటికి మొదలున్నట్లే తుదియు నున్నది. కొత్తపట్నమునకు ఉత్తరముగా ఏఱు సముద్రమును కలియుచున్నది. ఆ చోటునే పల్లెవారు మొగ యందురు. అచ్చట జరుగు పనియేదియో మెట్ట పొలములవారికి తెలియదు. తెలిసికొనవలసిన అవసరము కలదని వారికి చెప్పినవారును లేరు.

మొగయందు రెండు నీళ్లు దినమునకు రెండు పర్యాయములు బలాబలములు చూచుకొనుచుండును. పోటు వచ్చినపుడు ఉప్పునీరు ఏటిలోనికి ఎక్కును; పాటు వేళ ఏటినీరు వెలికి దిగును. పైనుండి మంచినీరు కొంతగానైన వచ్చుచున్నంత కాలము ఉప్పునీరు ఒక హద్దు దాటదు. ఆ ప్రవాహము నిలిచిపోయెనా, హద్దు నానాటికి పడమరకు జరుగును. అంతటితో ఆగదు. ఏటి ఒరవడి తగ్గినచోట సముద్రపు టలలు ఇసుకను తెచ్చి మొగకు అడ్డముగా దిబ్బ పోయును. మన తీరమున అలల ఒరవడి ఏడాది మొత్తము మీద ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నడపుచుండును గనుక ఆ దిబ్బ నాలుకవలె సాగి మొగను మూయును. మూసిన మొగలో వేసవియందు నీరు ఇగిరి సముద్రపు నీటికన్న ఉప్పగును. వానకాలమున ఎగువనుండి వఱద వచ్చినపుడు పోవుటకు త్రోవ లేక పొలములమీదికి ఎగదన్నును. ఒకే మొగ వేసవిలో ఉప్పుచేతను, వర్షాకాలమున ముంపుచేతను మనలను బాధించుట కిదియే కారణము.

ఇక దొరువుల మాట. అల్లూరు, ఈతముక్కల మొదలగు గ్రామముల రైతులకు దొరువనగా నేమో చెప్పవలసిన పని లేదు. కాని యీ పత్రిక నల్లరేగడిలో ప్రత్తి, మిరప పండించు సభ్యులకును చేరుచున్నది గాన వారికై రెండు మాటలు. తీరపు ఇసుకలో కొలది లోతున గుంట త్రవ్విన మంచినీరు ఊరును. అదియే దొరువు. పూర్వము కావడికుండలతో ఆ నీరు మోసి నారుమళ్లకు, కూరగాయలకు, వేరుసెనగకు పోసెడివారు. తరువాత ఇంజనులు వచ్చినవి. సముద్రము కూతవేటు దూరమున ఘోషించుచుండగా చేతికందు లోతున త్రాగుటకు తగిన నీరుండుట వింతగా తోచును. ఇందలి రహస్యము తేలికయైనదే. మంచినీరు ఉప్పునీటికన్న తేలిక. వానవలన ఇసుకలోనికి ఇంకిన మంచినీరు క్రిందనున్న ఉప్పునీటిమీద, మజ్జిగ మీద వెన్నవలె, తేలియుండును. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఘైబెన్ అను డచ్చి ఇంజనీరును, 1901లో హెర్జ్‌బెర్గ్ అను జర్మను ఇంజనీరును, ఒకరి పని నొకరు ఎఱుగకయే, దీనికొక లెక్క కనుగొనిరి. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచియున్నచో, ఆ మట్టమునకు క్రింద దాదాపు 40 అడుగుల వఱకు మంచినీరే యుండును.

ఈ లెక్కను రైతులు తలక్రిందుగా చదువవలెను. పైన ఒక్క అంగుళము నీటిమట్టము పడిపోయినచో కాలక్రమమున క్రిందినుండి ఉప్పునీరు 40 అంగుళములు పైకి వచ్చును. దొరువులో మనము చూచునది అంగుళము; చూడనిది ఆ నలువది. ఇంజను పెట్టి ఒక్క చోటనే గట్టిగా లాగిన దొరువు రెండు మూడేండ్లలో చవుడు తిరుగుటకు హేతువిదియే. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఈ సంగతి నెఱిగియే, లోతుగా త్రవ్వక, ఇసుకలో అడ్డముగా చిల్లుల గొట్టములు పఱచి, పై నీటిని మాత్రము మీగడ తీసినట్లు తీయు పద్ధతిని ఏర్పఱచినారు. మంచి పద్ధతియే. కాని మీగడ యుండినగదా తీయుట! ఏటి ప్రక్క ఇసుకలో మంచినీటి మట్టము ఏటి నీటితో ముడిపడియున్నది. ఏటిలోనే ఉప్పు నిలువయున్నపుడు గట్టున దొరువు ఎన్నాళ్లు తియ్యగా నుండగలదు? వేరుసెనగ ఉప్పునకు ఓర్వదు. మిరపనారు అంతకంటెను సుకుమారము.

సముద్రము పాలగు నీటిలో మన పాలు కూడ నున్నదని మేము చెప్పుట యిందువలననే.

ఈ మొగలను కాపాడువారెవరు? పేరుగల పెద్దలు కారు. తీరమందలి పల్లెపాలెములవారు, మడపొదలలో చేతులతో రొయ్యలను, పీతలను పట్టుకొని బ్రదుకు యానాదులు, వారికి తోడుపడు అటవీశాఖ కావలివారు, విద్యావంతులగు కొందఱు యువకులు. వలకు పండుగప్ప పడవలెనన్న, రొయ్య ఎదుగవలెనన్న వాని పిల్లలు పెద్ద సముద్రములోనికి పోవుటకు ముందు కొంతకాలము మొగలోని తేటయుప్పు నీటిలో, మడవేళ్ల నడుమ పెరుగవలెను. ఇది పల్లెవారు పుస్తకములు చదివి నేర్చుకొన్నది కాదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మర పడవలు వేటకు పోరాదని నియమము కలదు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని తెలిసి వారు రెండు నెలలు సముద్రమును బీడు పెట్టుదురు. ప్రభుత్వమిచ్చు భృతి ఎప్పుడు చేతికి వచ్చునో తెలియకయే పెట్టుదురు. రేపటి పంటకై నేటి పంటను మానుకొను ఇట్టి కట్టుబాటు మన రైతులలో ఏ పంట విషయమున కలదో మాకు తోచుట లేదు.

మడను తిరిగి పెంచు విద్య మన ప్రక్క సీమయందే పరీక్షింపబడినది. ఆంధ్రప్రదేశమున మడ అడవులు 2021వ సంవత్సరపు లెక్కల ప్రకారము 405 చదరపు కిలోమీటర్లు. ఇందు అధికభాగము గోదావరి, కృష్ణ ముఖములయందున్నది. మన గుండ్లకమ్మ ప్రక్కలనుండునది స్వల్పము, అక్కడక్కడ తెల్లమడ పొదలు. మడనూరు అను పేరు విన్నప్పుడెల్ల ఈ సీమలో ఒకప్పుడు మడ ఇంకను విస్తారముగా నుండెనేమో యని మాకు అనుమానము కలుగును. ఇది మా ఊహయే సుమా, శాసనము చూచి చెప్పుట లేదు.

1996 మొదలు 2003 వఱకు స్వామినాథన్ పరిశోధనా సంస్థవారును, అటవీశాఖవారును, తీరగ్రామములవారును కలిసి కృష్ణ, గోదావరి ముఖములలో పాడుపడిన మడనేలలను బాగుచేయుటకు పూనుకొనిరి. దివిసీమయందలి దీనదయాళపురము, గోదావరి ముఖమున మట్లపాలెము అట్టి గ్రామములలోనివి. ఆ నేలలెందుకు పాడైనవో ముందుగా చూచిరి. పూర్వము కలపకై మడను వరుసవెంబడి ముక్కలుముక్కలుగా మొదలంట నఱకించెడివారు. చెట్టు పోయిన పిదప ఎండకు బురద ఎండి, కుంగి, నేల మధ్య పళ్లెమువలె పల్లమైనది. పోటున వచ్చిన నీరు పాటున తిరిగిపోక ఆ పల్లమున నిలిచి, ఇగిరి, ఉప్పు తేలినది. అట్టిచోట ఎన్ని మొక్కలు నాటినను వృథాయే. అందుచేత వారు మొక్కలు నాటుటకు ముందు కాలువలు త్రవ్విరి. చేప వెన్నెముకవలె నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్న కాలువలు. పోటునీరు ఆ కాలువలద్వారా నేలయంతట తిరిగి, పాటున ఉప్పును కడుగుకొని వెలికిపోవును. చిన్న కాలువల ఒడ్డు నడుమ వాలున, నీరు తగులుచు ముంచకుండు ఎత్తున, మడ మొక్కలు నాటిరి. మురుగు పోనిది పైరు రాదని మన రైతులకు వేఱుగ చెప్పవలయునా? చవుటినేల బాగుచేయు రైతు చేయు పనియే యిది. కాలువలు త్రవ్వినవారు, పూడిక తీసినవారు, పశువులు తొక్కకుండ కాచినవారు ఆ గ్రామములవారే. ఎవరు కట్టె కొట్టవచ్చునో, ఎచ్చట పశువులను తోలరాదో వారే కూర్చుండి నిర్ణయించుకొనిరి. కాలువ పూడినచోట చెట్టు పోయినది. పూడిక తీయువారున్న చోట నిలిచినది.

దివిసీమవారు ఈ పనికి అంత శ్రద్ధతో పూనుకొనుటకు ఒక కారణము కలదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన వారి ఇండ్లమీదుగా పోయినది. ఆ తుపానున చనిపోయినవారు పదివేలమంది యని ప్రభుత్వపు లెక్క. అంతకన్న ఎక్కువయని జనులు చెప్పుదురు. మడ దట్టముగానున్న చోట్ల వెనుకనున్న ఊళ్లు కొంత తేరుకొన్నవని అక్కడివారందఱును చెప్పుమాట. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ మన ప్రకాశము జిల్లా తీరమును కూడ విడువలేదు. ఆంధ్రతీరము మొత్తముమీద నూరుమందికి పైగా మృతినొందిరి. మడ యున్నంత మాత్రమున ఉప్పెన ఆగునని మేము చెప్పము, అట్లు చెప్పువారిని నమ్మవలదనియు చెప్పుచున్నాము. నాలుగు పొదలు కడలిని ఆపలేవు. కాని దట్టమైన మడపట్టె అల దూకుడును తగ్గించును, గట్టు కోసుకొనిపోకుండ వేళ్లతో పట్టుకొనును. గాలికి అడ్డముగా దిబ్బలమీద వేసిన సరుగుడు తోటలును మేలే. అయితే సరుగుడు ఇసుకకు తగినది, బురదకు తగదు. బురదనేల మడది.

ఇప్పుడు కొందఱు సభ్యులకు కష్టము కలిగించు విషయమునకు వచ్చుచున్నాము. అది రొయ్యల చెఱువులు. 1990 తరువాత మన తీరమున రొయ్య బంగారమైనది. 1994-95లో తెల్లమచ్చ తెగులు తగిలి చాలచోట్ల చెఱువులు ఎండినవి, అప్పులు మిగిలినవి. తమిళదేశమున గాంధేయవాది యగు జగన్నాథన్ గారు తీరపు వరిరైతుల పక్షమున సత్యాగ్రహము చేసి, సుప్రీము కోర్టునకు ఎక్కిరి. 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు, సాగుభూములను, ఉప్పుకొఠార్లను, మడ అడవులను రొయ్యల చెఱువులుగా మార్చరాదని శాసించినది. 2005లో పార్లమెంటు వేఱుగ చట్టము చేసి, అధికారసంస్థ నేర్పఱచి, నమోదు పొందినవారు నియమములకు లోబడి చెఱువులు నడుపుకొనవచ్చునని అనుమతించినది. చెఱువునకును సాగుభూమికిని నడుమ ఖాళీనేల విడువవలెనని, పెద్ద చెఱువుల మురుగును శుద్ధిచేసి విడువవలెనని నియమములు కలవు. నియమము కాగితముమీద నుండుటకును, గట్టుమీద నుండుటకును గల దూరము సభ్యులు ఎఱుగనిది కాదు.

రొయ్య పెంచువాడు మన శత్రువు కాడు. చాలచోట్ల అతడు మన సోదరుడే, మన సంఘసభ్యుడే. వేరుసెనగకు ధర లేక, కూలి పెరిగి, విసిగి, చేను కౌలునకిచ్చినవాని కష్టము మాకు తెలియును. "ఎకరమునకు రొయ్యవాడిచ్చు కౌలు మీ వేరుసెనగ ఇచ్చునా?" యని అడుగుదురు. ఈయకపోవచ్చును. కాని లెక్క పూర్తిగా వేయవలెను. ఇసుకనేలలో ఉప్పునీరు నెలల తరబడి నిలువగట్టినచో అది గట్టులోపలనే కూర్చుండదు. క్రిందికి ఇంకును, ప్రక్కలకు ప్రాకును. దొరువులోని మంచినీటిపై ఆ బరువు పడును. కౌలు పుచ్చుకొనువాడు ఒకడు, దొరువు చవుడు తిరుగువాడు ప్రక్కచేనివాడు. కౌలు గడువు తీరిన పిదప ఆ చేను మరల వేరుసెనగకు వచ్చుటకు ఎన్ని వానలు కావలెనో కౌలుపత్రమున వ్రాసియుండదు. మఱియు ఆ చెఱువు మురుగు పోవునది మొగకే. మందులు కలిసిన ఆ నీటిలోనే పల్లెవాని రొయ్యపిల్ల పెరుగవలెను. ఎగువ ప్రత్తి, మిరప చేలనుండి వానకు కొట్టుకొనివచ్చు మందులును అచ్చటికే చేరును. ఒంగోలు మురుగు మోయు పోతురాజు కాలువయు తూర్పుగా సముద్రమువైపునకే నడచుచున్నది. అందఱి పాపమును తుదకు తీరము మోయవలసినదే కదా.

మొగ బాగుపడుట యసాధ్యమని నిరాశ చెందువారికి చిల్కసరస్సును చూపుదుము. ఒడిస్సాలోని ఆ సరస్సు మొగ ఇసుకతో పూడి, సముద్రమునకు దూరమై, చేపలు సన్నగిల్లి, నీటికలుపు క్రమ్ముకొన్నది. 2000 సెప్టెంబరులో క్రొత్త మొగ త్రవ్విరి. కొలది యేండ్లలో చేపల దిగుబడి పలు రెట్లు పెరిగినది. ఆ పనికి 2002లో రాంసర్ బహుమానము వచ్చినది. అయితే దీనిని చూచి మనవారెవరును యంత్రము తెచ్చి తోచినచోట దిబ్బ కోయరాదు. చిల్కయందు త్రవ్వుటకు ముందు అలలను, ఇసుక నడకను, నీటి మట్టములను కొలిచి చూచిరి. అదను తప్పి, చోటు తప్పి కోసిన మొగ వఱదను దింపుటకు మాఱుగా పోటును పొలములలోనికి తెచ్చును. ఇంకొక యుదాహరణము దూరదేశపుది. ఆఫ్రికాఖండమున కెన్యాదేశపు గాజి అఖాతము నొద్ద గ్రామస్థులు 117 హెక్టారుల మడను కాచుచున్నారు. చెట్లు గాలినుండి పీల్చుకొను బొగ్గుపులుసు వాయువునకు విదేశములవారు వెలకట్టి సొమ్ము పంపుదురు. గ్రామస్థులు సభచేసి ఆ సొమ్మును మంచినీటికి, బడులకు వినియోగించుకొందురు. చెట్టును కొట్టకుండ అమ్ముకొనుట యనగా నిదియే.

మన సంఘమునకు దీనితో నేమి పని యని పాలకవర్గములోనివారే కొందఱు అడుగవచ్చును. ఎఱువులు, విత్తనములు, పరపతి మాత్రమే సహకార సంఘపు పని యని వారి తలంపు. సహకారము మొదటినుండియు ఒక్కరివలన కానిదానిని పదుగురు కలిసి చేయుటకై పుట్టినది. తన దొరువును కాపాడుకొనుట ఏ రైతునకును ఒంటిగా సాధ్యము కాదు. ప్రక్కవాని గట్టు, ఎగువవాని తలుపు, దిగువవాని మొగ అన్నియు దానిలో చేరియున్నవి. ఇంతకన్న సహకార విషయము వేఱొకటి యుండునా?

చేయదగిన పనులలో అన్నిటికన్న చిన్నది దొరువు నీటిని కొలుచుట. నీటిలోని ఉప్పును చూపు చిన్న మర అంగడిలో దొరకును. ఒకటి సంఘము కొనిన చాలును. ఊరికి నాలుగైదు దొరువులు ఏర్పఱచుకొని, నెలకొకమారు కొలిచి పుస్తకమున వ్రాయవలెను. ఎవని చెఱువువలన ఎవని దొరువు చెడినదో అను తగవులలో ఇప్పుడు కేకలే సాక్ష్యములు. రెండేండ్ల లెక్క చేతనుండిన అధికారుల యెదుటను, ఒకరి యెదుట నొకరమును నిలిచి మాటాడవచ్చును. ఆ పుస్తకములోని లెక్కను ఈ పత్రికయందు ప్రచురించుట మంచిదని మా యభిప్రాయము.

రెండవది జలాశయపు నీటి విషయము. జిల్లా నీటిపారుదల సలహామండలి సమావేశములలో ఆయకట్టు రైతుల పక్షమున మాటాడువారు చాలమంది కలరు. మొగ పక్షమున మాటాడువారు లేరు. వేసవియందు ఏటిలోనికి కొలదిగానైన మంచినీరు విడువవలెనని, తలుపులను ఏటేట వానలకు ముందు పరీక్షించి బాగుచేయవలెనని మన సంఘము పల్లెవారితో కూడి కోరవలెను. ఈ రెండు కోరికలకును వైరుధ్యము లేదు. తలుపు తెగి ఒక్క ఊపున పోయిన నీరు మొగకును మేలుచేయదు. బురదను, చేపపిల్లలను కూడ ఊడ్చుకొనిపోవును. మొగకు కావలసినది ధారగా వచ్చు నీరు.

కౌలు విషయమున సంఘము బలవంతము చేయరాదు, చేయజాలదు. కాని సంఘమువలన అప్పు పొందు సభ్యుడు చేనును ఉప్పునీటి చెఱువునకిచ్చునెడల ప్రక్క చేల రైతుల సమ్మతి వ్రాతమూలముగా పుచ్చుకొనవలెనని నియమము పెట్టవచ్చునో లేదో సభ్యులు ఆలోచింపవలెను. దీనికి ఎదురుచెప్పువారు ఉందురని ఎఱుగుదుము. వారి వాదమును వ్రాసి పంపినచో ఇట్లే ప్రచురింతుము.

ఇక మడ నాటు పని. తెల్లమడ కాయలు వానకాలము చివర పండి రాలును; కాయ చెట్టుననుండగనే లోపల మొలక సిద్ధముగా నుండును గాన రాలిన పిమ్మట నిలువచేయుటకు వీలులేదు, వెంటనే నారుపోయవలెను. కాబట్టి కాలువల త్రవ్వకము ఆ కాలమునకు ముందే ముగియవలెను. ఏప్రిల్ 15 తరువాత వేట నిలిచియుండు రెండు నెలలు పల్లెవారి చేతులకు పని తక్కువ. మెట్టపొలములయందును అప్పుడు పనులు మందగించియుండును. ఏ నేల అటవీశాఖదో, ఏది రెవెన్యూవారిదో ముందుగా తెలిసికొని అనుమతి పొందుటకు రెండు మూడు నెలలైన పట్టును. అందుచేత సంక్రాంతి తరువాత జరుగు సర్వసభ్య సమావేశమునకు పల్లెపాలెముల పెద్దలను పిలిపించి, మొగ ప్రక్క ఎచ్చట కాలువ తీయవచ్చునో వారి నోటనే వినవలెనని పాలకవర్గమును కోరుచున్నాము. సభ్యునకొక దినము చొప్పున పని ఒప్పుకొన్నను చాలును. పార, పలుగు, తట్ట ఎవరివి వారు తెచ్చుకొనవలెను. మధ్యాహ్నపు సంగటి ఏర్పాటు సంఘము చూచుకొనును గాక.